శనివారం దాకా టిక్కులు

కుశలం చేసిన అన్యాయం కుర్చీతోనే మొదలైంది.

కుశలం అంటే ఆ లాండ్రీలో ఉద్యోగుల మంచిచెడ్డలు చూసే మేనేజరు. అమ్మానాన్నలు పెట్టిన పేరు మెడలో వేలాడే బిళ్ళ మీద అచ్చేసే ఉంది. కానీ వచ్చిన మొదటి రోజున ఉతికే గదిలో తడి తొక్కుకుంటూ, మడతల బల్లల మధ్య తిరుగుతూ, కనిపించిన ప్రతి ఒక్కరినీ "అంతా కుశలమేనా?" అని పలకరించాడు. ఎవరి జవాబు కోసమూ ఆగలేదు. సాయంత్రానికల్లా పేరు ఖాయమైపోయింది.

మేడ మీద అతనికో గది ఇచ్చారు. తలుపు మీద 'మాటామంతీ' అని రంగు అక్షరాలతో రాయించాడు. లోపల ఒక ప్లాస్టిక్ మొక్క, ఏడ్చేవాళ్ళ కోసం కాగితం రుమాళ్ళ డబ్బా, రెండు కుర్చీలు. గట్టి కుర్చీ అతనిది. మెత్తటిది వచ్చినవాళ్ళది. ఆ మెత్తటి కుర్చీలో కూర్చున్న మనిషి నడుము దాకా దిగబడిపోతాడు, మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఎదురు తిరగాలంటే ముందు అందులోంచి లేవాలి. రెండు చేతులూ ఆనించి, నడుము పట్టుకుని లేచేసరికి కోపం సగం కారిపోతుంది.

ఆ బుధవారం పొద్దున ఆ కుర్చీలో ఆవిరాయన దిగబడి ఉన్నాడు.

పెద్ద ఇస్త్రీ రోలరు నడిపేది ఆవిరాయనే. ఆస్పత్రుల నుంచీ హోటళ్ళ నుంచీ వచ్చే పెద్ద దుప్పట్లన్నీ దాని కిందనుంచి పోవాల్సిందే. తెల్లవారకముందే వచ్చి ఆవిరి తిప్పుతాడు కనుక ఆ పేరు వచ్చిందని అతనంటాడు. కోపం వస్తే ముక్కులోంచి బుస్సుమంటాడు కనుక వచ్చిందని వడగళ్ళు అంటుంది. వడగళ్ళు రోలరుకు దుప్పట్లు అందించే మనిషి. నోరు తెరిస్తే ఎదుటివాడు తలదాచుకోవాల్సిందే.

ముందురోజు పదకొండు గంటలకు వడగళ్ళు కుడిచెయ్యి రోలరు కిందికి పోయింది.

"టీ తాగుతారా అన్నా?" అన్నాడు కుశలం. అన్నా అని పిలవడం అతనికి ట్రైనింగులో నేర్పారని అందరికీ తెలుసు.

"పనిలోంచి పిలిచారు. సంగతి చెప్పండి."

"పనిదేముందన్నా, ఎప్పుడూ ఉండేదే. మాకు మనుషులు ముఖ్యం." కుశలం ఒక కాగితాన్ని బల్ల మీద మెల్లగా అతని వైపు తిప్పాడు. "ఆ అమ్మాయి సంగతి తలుచుకుంటే రాత్రంతా నిద్రలేదు. పైవాళ్ళకు ఒక వివరణ పంపాలి. మీరు దగ్గరే ఉన్నారు కాబట్టి సాక్షి సంతకం మీది."

ఆవిరాయన ఆరో తరగతితో బడి మానేసినవాడు. అక్షరాలు వచ్చు గానీ అవి పరుగెత్తకూడదు. వేలు పెట్టి ఒక్కో మాటా నడిపించుకుంటూ చదివాడు. సదరు ఉద్యోగిని ఏకాగ్రతాలోపము వలన చేయి యంత్రమునకు తగిలినదనీ, అడ్డకడ్డీ ఆ ఉదయము సక్రమముగా పనిచేయుచున్నట్లు యంత్రము నడుపువారు పరీక్షించియున్నారనీ రాసి ఉంది. కుశలం రెండుసార్లు చేతిగడియారం చూసుకున్నాడు.

"ఏకాగ్రతాలోపం అంటే?"

"మనసు ఎక్కడో ఉందని. తప్పు అని కాదు. తప్పు అనే మాట మేం వాడం."

"వాడకుండానే అంటగట్టారుగా."

కుశలం నవ్వాడు. అతని నవ్వు ముఖం మీద ఎప్పుడూ ఒకేచోట ఉంటుంది.

"కడ్డీ కట్టేసి ఉంది సార్," అన్నాడు ఆవిరాయన.

రోలరుకు ముందు అడ్డంగా ఒక కడ్డీ వేలాడుతుంది. చెయ్యి లోపలికి పోబోతే ముందు దానికి తగులుతుంది. తగిలిందా, యంత్రం టక్కున ఆగిపోతుంది. చేతుల్ని కాపాడటానికి పెట్టింది అదొక్కటే. అయితే దుప్పటి అంచు మందంగా ఉన్నా, తడిసి ముద్దగా ఉన్నా కడ్డీ దానికీ లేస్తుంది, యంత్రం దానికీ ఆగుతుంది. అందుకని చిరిగిన దుప్పటి పీలికతో దాన్ని ఫ్రేముకు బిగించి కట్టేస్తారు. పొద్దున ఆవిరి తిప్పడం మొదటి పని అయితే పీలిక కట్టడం రెండో పని.

"ఆ మాట నేను వినలేదు," అన్నాడు కుశలం.

"మళ్ళీ చెప్తాను."

"వద్దన్నా. మీ మంచి కోసమే చెప్తున్నాను." సొరుగు తీసి ఇంకో కాగితం తీశాడు. దాన్ని ఆవిరాయన దూరం నుంచే గుర్తుపట్టాడు. రోలరు పక్కన మేకుకు వేలాడే తనిఖీ కాగితం అది. "ఈ సంతకం మీదే కదా? మంగళవారం. అడ్డకడ్డీ పరీక్షించితిని. టిక్కు." వేలు పక్కకు జరిపాడు. "ఇవాళ బుధవారం. అవునా? మరి గురువారం టిక్కు ఉంది. శుక్రవారం ఉంది. శనివారం కూడా ఉంది."

ఆవిరాయన టిక్కుల మీద వేలు పెట్టి ఒక్కోటీ లెక్కపెట్టాడు.

ఆ లాండ్రీలో అందరి కాగితాలూ అంతే. టిక్కు కొట్టే పెన్ను ఒకటే. అది సూపర్‌వైజరు జేబులో ఉంటుంది. ఆయన దాన్ని వారానికి ఒక్కసారి, సోమవారం పొద్దున మాత్రం బయటికి తీస్తాడు. అందరూ వరసలో నిలబడి, ఒక ఊపులో ఆరు రోజులకూ ఆరు టిక్కులు కొట్టి పెన్ను పక్కవాడికిచ్చి పనిలో పడతారు. అది తప్పని ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు. పెన్ను మళ్ళీ దొరకదని మాత్రమే తెలుసు.

"ఇప్పుడు చూడండన్నా." కుశలం ముందుకు వంగాడు. "కడ్డీ బాగానే ఉందంటే ఆమెది ఏకాగ్రతాలోపం. కట్టేసి ఉందంటే మీది దొంగ సంతకం. రెండింట్లో ఒకటే పైకి పోతుంది. నాకు మాత్రం మీరు కావాలి. సూపర్‌వైజరు గారు వచ్చే నెల రిటైరవుతున్నారు. ఆ చోటికి నా మనసులో ఎవరున్నారో నా నోటితో చెప్పించకండి." లేచి భుజం మీద చెయ్యి వేశాడు. "శుక్రవారం మూడింటికి రండి. మనమంతా ఒక కుటుంబం."

లేవడానికి ఆవిరాయనకు రెండు చేతులూ కావలసి వచ్చాయి.

*

సాయంత్రం నారింజపళ్ళు పట్టుకుని వడగళ్ళు ఇంటికి వెళ్ళాడు. మూడో అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు. ఆమె మొగుడు బస్సు డ్రైవరు, డ్యూటీలో ఉన్నాడు. ఆమె కిటికీ దగ్గర నిలబడి ఎడమచేత్తో జుట్టు ముడి వేసుకోవడానికి తంటాలు పడుతోంది. ముడి పడినట్టే పడి జారిపోతోంది. కుడిచెయ్యి మోచేతి దాకా తెల్లటి కట్టులో, మెడకు వేలాడుతోంది.

"రా అన్నా. బుస్సు తగ్గిందా?"

"నీకెలా ఉంది చెల్లెమ్మా?"

"దుప్పటిలా ఉంది. ఇస్త్రీ అయిపోయింది, మడత పెట్టడమే తరువాయి." అతను నవ్వలేదు. "నవ్వన్నా. పొద్దున్నుంచీ ఈ జోకు దాచుకుని కూర్చున్నాను. మా ఆయనకు చెప్తే ఏడ్చాడు."

అతను కుర్చీ లాక్కుని పళ్ళు ఒలవడం మొదలుపెట్టాడు. ఆమె చేతికి అందించకుండా తొనలు విడదీసి, గింజలు తీసి, పళ్ళెంలో వరసగా పేర్చాడు. ఎన్నో ఏళ్ళుగా దుప్పటి అంచులు సరిచేసిన వేళ్ళు అవి. తొనలు కూడా అంచు అంచుకు ఆనించి పెడుతున్నాయి.

"డాక్టరేమన్నాడు?"

"నాలుగు వేళ్ళూ కాలాయి. మధ్యవి రెండూ వంగుతాయో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. బొటనవేలు బంగారంలా ఉందట. మెచ్చుకున్నాడు." ఒక తొన నోట్లో వేసుకుంది. "కుశలం వచ్చాడు."

"ఎప్పుడు?"

"మధ్యాహ్నం. పూలు తెచ్చాడు. పెట్టుకోవడానికి జుట్టు ముడే పడటం లేదు బాబూ అన్నాను. రాజీనామా రాసిస్తే ఆస్పత్రి ఖర్చు వాళ్ళే పెట్టుకుంటారట. నా అంతట నేనే మానేస్తున్నానని రాయాలట. రాసే చెయ్యి ఇదీ అని చూపించాను. వేలిముద్ర చాలమ్మా అన్నాడు. ఏ వేలిదయ్యా అని అడిగాను."

"ఏమన్నాడు?"

"నీళ్ళు నమిలాడు. శుక్రవారం దాకా ఆలోచించుకోమన్నాడు. ఆలోచించుకునేదేముంది, ఆస్పత్రి వాళ్ళు ఊరుకుంటారా?" గొంతు తగ్గించింది. "కడ్డీ ఎవరు కట్టారని కూడా అడిగాడు. గుర్తులేదన్నాను."

అతని చేతిలో నారింజ తొక్క తెగింది.

"గుర్తులేకపోవడమేంటి? నేను కడుతుంటే నువ్వే కదా ఆ కొస పట్టుకున్నావు."

"పట్టుకున్నానులే. నీ ఉద్యోగం కూడా ఊడిపోతే ఇద్దరం కలిసి ఏం ఉద్ధరిస్తాం?"

"నా మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు?" ఆమె అతని కళ్ళలోకి చూసింది. "రాత్రి నొప్పి లేచినప్పుడల్లా నిన్నే తిట్టాను. ఊరికే తిట్టలేదు, వరసబెట్టి తిట్టాను. నీ ఆవిరిని, నీ పీలికను, ఆ ముడి వెయ్యడం నేర్పినవాణ్ణి. తెల్లారేసరికి అలిసిపోయాను. ఆ కొస పట్టుకున్న చెయ్యి నాదే కదా, ఇంకెంతసేపు తిట్టను? తొన ఇటివ్వు."

ఇచ్చాడు. మెట్లు దిగుతుంటే పై నుంచి ఆమె కేకేసింది. "అన్నా! వచ్చే ఆదివారం దాకా బతికుంటే ఇంకో డజను తీసుకురా. గింజలు తియ్యడం మాత్రం నీకు బాగా వచ్చు!"

*

ఇంట్లో భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో సంచికి జిప్పు మారుస్తోంది. అతను చెప్పినదంతా తలెత్తకుండా విన్నది. సూపర్‌వైజరు ఉద్యోగం దగ్గరకు వచ్చేసరికి ఆమె కాలు పెడలు మీద ఆగింది.

"ఇస్తానన్నాడా?"

"ఇస్తాననలేదు. నోటితో చెప్పించకండి అన్నాడు."

"అంటే ఇచ్చినట్టే." దారం కొరికింది. "ఇచ్చాడనుకో. పొద్దున్నే లేచి నువ్వేం చేస్తావు?"

"పని చేయిస్తాను."

"కడ్డీ కట్టమని ఇంకొకడికి చెప్తావు. ఇప్పుడు కట్టడం ఒక్కటే నీది, అప్పుడు చెప్పడం కూడా నీదే అవుతుంది."

అతను మంచం మీద వాలాడు. గోడవైపు తిరిగి, "నిజం చెప్తే నన్నే తీసేస్తారే," అన్నాడు.

"తీసేస్తారు. నాకు భయం లేదని మాత్రం నా నోటితో అనిపించకు. గుండె దడదడమంటోంది." మళ్ళీ మిషను తిప్పింది. ఆ చప్పుడులోనే అన్నది. "కట్టింది నువ్వు. కట్టమన్నది వాళ్ళు. చెప్పేటట్టయితే రెండూ చెప్పు. వాళ్ళదొక్కటే చెప్పి నీది మింగావో, ఆ కుశలానికీ నీకూ తేడా ఏమీ ఉండదు."

*

గురువారం పొద్దున ఆవిరాయన ఎప్పటిలాగే ఆవిరి తిప్పాడు. గొట్టాలు టకటకమని కొట్టుకుని, మెల్లగా సర్దుకుని, రోలరు వేడెక్కింది. మైనపు గుడ్డ ఒకసారి పంపి తుడిచాడు. అడ్డకడ్డీ దగ్గరకు వచ్చాడు. పాత పీలిక ఇంకా ఫ్రేముకు వేలాడుతూనే ఉంది. దాన్ని ఊడదీసి చెత్తబుట్టలో వేశాడు. వేలితో కడ్డీని తాకాడు. యంత్రం టక్కున ఆగింది. ఎంత తేలిగ్గా ఆగిందో చూసి, మళ్ళీ తిప్పి ఇంకోసారి తాకాడు.

ఏడున్నరకు దుప్పట్లు మొదలయ్యాయి. వడగళ్ళు చోటులో మడతల బల్ల నుంచి వచ్చిన ఒకామె నిలబడింది. ఆమె దుప్పటిని కొసవేళ్ళతో దూరం నుంచే అందిస్తోంది.

"నిదానంగా అందించు తల్లీ. చెయ్యి తగిలితే ఆగుతుంది."

"కట్టలేదా బాబాయ్?"

"లేదు."

నాలుగో దుప్పటికి ఆగింది. గోడ మీద ఒక రేకు ఉంది, యంత్రం ఆగితే ఏం చెయ్యాలో ఏడు వరసల్లో రాసి. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరూ చదివిన పాపాన పోలేదు. ఆవిరాయన దాని ముందు నిలబడి వేలు పెట్టి పైకి చదివాడు. "ఒకటి. ఆవిరి తగ్గించవలెను." వెళ్ళి తగ్గించాడు. తిరిగివచ్చాడు. "రెండు. రోలరు పైకి లేపవలెను." ఏడూ అయ్యేసరికి రెండు నిమిషాలు పట్టింది. ఇంకో ఆరు దుప్పట్లు నడిచాయి. మళ్ళీ ఆగింది. మళ్ళీ రేకు దగ్గరకు వెళ్ళాడు. "ఒకటి. ఆవిరి తగ్గించవలెను."

మడతల బల్లల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

తొమ్మిదింటికి సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. ఆయన్ని అందరూ గడియారం అంటారు. గంటకు ఎన్ని దుప్పట్లయ్యాయో చెప్పడం తప్ప ఆయన నోటి వెంట మరో మాట రాదు.

"గంటకు నాలుగొందలు రావాలి. నూట పది వచ్చాయి! ఏమైందిరా?"

"యంత్రం బాగానే పనిచేస్తోంది సార్. ఆగమన్నప్పుడు ఆగుతోంది."

"పీలిక ఏది?"

"మీరు కట్టండి."

గడియారం చుట్టూ చూశాడు. పన్నెండు మంది చేతులు ఆపి చూస్తున్నారు. ఆయన చెయ్యి కడ్డీ దాకా పోయి వెనక్కి వచ్చింది.

"తమాషాలు చేస్తున్నావా? కింద ఆస్పత్రి లారీ నిలబడి ఉంది."

"నిలబడనివ్వండి. మొన్న ఆవిడ కూడా అదే ఆస్పత్రిలో దుప్పటి పరుచుకుని పడుకుంది."

రెండో రోలరు నడిపే మీసాలాయన అంతసేపూ తల దించుకుని పని చేస్తున్నాడు. గడియారం అటు తిరిగేసరికి ఆయన తన యంత్రం ఆపాడు. జేబులోంచి కత్తెర తీసి తన కడ్డీకున్న పీలికను కత్తిరించాడు. ఒక్క మాట అనలేదు. మీసం మాత్రం ఒకసారి దువ్వుకున్నాడు. ఇప్పుడు రెండు రోలర్లూ ఆగుతున్నాయి, రేకు ముందు ఇద్దరు నిలబడి చదువుతున్నారు, లారీ హారను కొడుతోంది.

పదిన్నరకు కుశలం కిందికి దిగాడు. ఆ వేడిలోకి అతను ఎన్నడూ వచ్చింది లేదు. వచ్చిన అయిదు నిమిషాలకు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"అన్నా, ఏమిటిది? పదండి, పైన గదిలో కూర్చుని మాట్లాడుకుందాం."

"ఇక్కడే చెప్పండి. యంత్రాన్ని వదిలి వెళ్ళకూడదని రేకు మీద ఉంది."

"ఇంతమందిలోనా? ఇది మీకూ నాకూ మధ్య విషయం."

"మధ్యలో ఆవిడ చెయ్యి ఉంది సార్."

కుశలం చేతిరుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు. నవ్వు ఇంకా ఉన్నచోటే ఉంది గానీ దాని మీదుగా చెమట కారుతోంది. "మీరు ఆవేశంలో ఉన్నారు. నేను అర్థం చేసుకోగలను."

"ఆవేశం ఏమీ లేదు. చెప్తాను, రాసుకోండి." ఆవిరాయన కుశలం వైపు కాకుండా తోటివాళ్ళ వైపు తిరిగి మాట్లాడాడు. "మంగళవారం కడ్డీ కట్టింది నేను. అంతకుముందు రోజూ నేనే. రోలరు వేగం నిమిషానికి పద్దెనిమిది మీటర్ల నుంచి ఇరవై ఆరుకు పెంచిన రోజు, ఇదిగో ఈ సూపర్‌వైజరు గారే కట్టమన్నారు."

"నేను చెప్పానా?" గడియారం గొంతు చించుకున్నాడు.

"చెప్పలేదా?"

గడియారం నోరు తెరిచాడు. నెల రోజుల్లో రిటైరయ్యే మనిషి. కుశలం వైపు చూశాడు. కుశలం నేల వైపు చూస్తున్నాడు, ఆయన వైపు కాదు. ఆ చూడకపోవడంలో ఏముందో గడియారానికి అప్పుడు అర్థమైంది. ఈ కథలో తప్పు ఎవరో ఒకరి మీద పడాలి, పైవాళ్ళ మీద మాత్రం పడకూడదు.

ఆయన జేబులోంచి పెన్ను తీసి ఆవిరాయన చేతికిచ్చాడు.

"నాకూ పైనుంచే వచ్చింది," అన్నాడు. "అది కూడా రాయి."

మడతల బల్ల మీద, లారీ చీటీ వెనకవైపు, ఆవిరాయన రాయడం మొదలుపెట్టాడు. అక్షరాలు ఒక్కోటి ఒక్కో దిక్కుకు వంగాయి. సరైన భాషలో తాను టైపు చేయిస్తానని కుశలం రెండుసార్లు అన్నాడు. అక్కర్లేదన్నాడు ఆవిరాయన. కడ్డీ కట్టింది తానేననీ, వేగం పెంచిన రోజు నుంచీ కడుతున్నాననీ, కట్టకపోతే లెక్క రాదని సూపర్‌వైజరు అన్నాడనీ, ఆయనకూ ఆ మాట పైనుంచే వచ్చిందనీ, టిక్కులన్నీ సోమవారమే పెట్టాననీ, కడ్డీ వదిలి ఉంటే ఆమె చెయ్యి బయటే ఉండేదనీ రాశాడు. అంతే. సంతకం పెట్టాడు.

మీసాలాయన కింద సంతకం పెట్టబోయాడు.

"ఇందులో పెట్టకు. ఇది నా తప్పు. నీది నువ్వు వేరే రాసుకో."

ఆయన కాసేపు ఆలోచించి ఇంకో చీటీ తీసుకున్నాడు. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేసరికి బల్ల మీద తొమ్మిది చీటీలున్నాయి. ఒక్కో దాంట్లో ఒక్కొక్కరి టిక్కులు. ఆవిరాయన తన చీటీని మళ్ళీ రాసి, ఒకటి కుశలానికిచ్చాడు. రెండోదీ మిగతా ఎనిమిదీ పట్టుకుని, భోజనం మానేసి, పోస్టాఫీసుకు నడిచి వెళ్ళి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు పేర రిజిస్టరు చేశాడు. రసీదు అడిగి తీసుకున్నాడు.

*

శుక్రవారం మూడింటికి మాటామంతీ గదిలో అతను కూర్చోలేదు. కూర్చోమంటే నడుము నొప్పి అన్నాడు. కొంతసేపు కూర్చుని తల పైకెత్తి మాట్లాడి, మెడ నొప్పి పుట్టి, కుశలమే లేచి నిలబడ్డాడు.

"మీ కోసం పైవాళ్ళతో పోట్లాడాను అన్నా. ఇది చూడండి."

రెండు పేజీల కాగితం. మొదటి పేజీలో, ఇన్నేళ్ళ సేవను గౌరవిస్తూ, ఆవిరాయన తనంతట తాను పదవీ విరమణ కోరుకున్నందున రావలసిన సర్వీసు సొమ్ము మొత్తం ఇస్తామని ఉంది. కింద అంకె. రెండో పేజీలో షరతులు. గురువారం రాసినది ఆవేశంలో రాసినదని ఒప్పుకోవాలి. ఇన్‌స్పెక్టరుకు ఆ సంగతి తెలియజేయాలి. ఈ సొమ్ము ఎంతో ఎవరికీ ఎప్పటికీ చెప్పకూడదు.

"సంతకం పెట్టకపోతే?"

"తనిఖీ కాగితంలో దొంగ టిక్కులు పెట్టినందుకు డిస్మిస్. సర్వీసు సొమ్ము రాదు." కుశలం గొంతులో నిజంగానే బాధ ఉంది. అతని ఉద్యోగం కూడా ఈ కాగితం మీదే నడుస్తోందని ఆవిరాయనకు ఆ క్షణంలో తోచింది. తోచినా జాలి కలగలేదు.

అంకె మీద వేలు పెట్టి కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి, మూడుసార్లు చదివాడు. ఇంటి వెనకగది కప్పు మార్చవచ్చు. భార్యకు కరెంటు మిషను కొనవచ్చు. ఆమె మోకాలు నొప్పి సంగతి ఎవరికీ చెప్పదు గానీ మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటుంది. ఇవన్నీ అయ్యాక కూడా మిగులుతుంది. అతని వేలు అంకె మీదే ఆగిపోయింది. కుశలం పెన్ను మూత తీసి పట్టుకున్నాడు.

"వడగళ్ళు కాగితం సంగతేంటి?"

"అది వేరే విషయం అన్నా."

"ఏకాగ్రతాలోపం అలాగే ఉంటుందా?"

"ఆవిడ సంతకం పెట్టకపోయినా... మీరు వెనక్కి తీసుకుంటే, అవును, అలాగే ఉంటుంది."

"అంటే ఒకటే విషయం." వేలు తీశాడు. కాగితాన్ని మడత పెట్టాడు, దుప్పటి మడత, అంచు అంచుకు ఆనించి. బల్ల మీద పెట్టాడు. "పెట్టను."

కుశలం ముఖం మీద నవ్వు అప్పుడు పోయింది. అది లేకపోతే అతను ఇంకా చిన్నవాడిలా ఉన్నాడు. "మీకు అర్థం కావడం లేదు. ఎంత పోగొట్టుకుంటున్నారో మీకు తెలుసా?"

"తెలుసు. రాసింది మీరేగా."

*

శనివారం పొద్దున ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కళ్ళజోడు మనిషి, మాట తక్కువ. స్టాప్‌వాచీ పెట్టి రోలరు వేగం కొలిచాడు. తనిఖీ కాగితాలన్నీ అడిగాడు. మంగళవారమే చెయ్యి కాలిన వడగళ్ళు కాగితంలో కూడా శనివారం దాకా టిక్కులు చూసి తల పట్టుకున్నాడు. ఆవిరాయన పక్కనే నిలబడి అడిగినదానికల్లా జవాబు చెప్పాడు, తన టిక్కుల దగ్గర కూడా తడబడలేదు. మధ్యాహ్నానికి వేగం పద్దెనిమిదికి దించి సీలు వేశారు. ప్రమాదానికి కారణం రాసేచోట ఏకాగ్రతాలోపం కొట్టేసి, కట్టివేసిన కడ్డీ అని రాశారు. వడగళ్ళు వైద్యం ఖర్చు కంపెనీ మీద పడింది. ఉద్యోగం ఆమెదే.

మూడింటికి ఆవిరాయన చేతికి డిస్మిస్ కాగితం వచ్చింది. దొంగ టిక్కులు. అబద్ధం కాదు. మిగతా ఎనిమిది మందినీ తీసేస్తే పని నడవదు కనుక వాళ్ళ జోలికి పోలేదు. అతను చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఆవిరి తగ్గించి, ఎలా తిప్పాలో మీసాలాయనకు ఇంకోసారి చూపించి, టిఫిను డబ్బా తీసుకుని బయలుదేరాడు.

షిఫ్టు మారే వేళ. గేటు దగ్గర జనం. వాళ్ళ మధ్యలో చెయ్యి మెడకు వేలాడేసుకుని వడగళ్ళు నిలబడి ఉంది. జుట్టు ముడి ఎవరో గట్టిగా వేశారు.

"తీసేశారటగా?"

"తీసేశారు."

"నిన్న ఏదో పెద్ద మొత్తం ఇస్తామన్నారట. నువ్వు వద్దన్నావట."

"ఆ."

"ఎంత?"

మీసాలాయన ఆవిరాయన భుజం పట్టుకుని ఆపబోయాడు. "చెప్పకూడదంట వదినా. కాగితంలో ఉందట."

"ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలేదు," అన్నాడు ఆవిరాయన.

మేడ మీద మాటామంతీ కిటికీలో తెర కదిలింది. గేటు దగ్గర అందరూ ఆగిపోయారు. లోపలికి వెళ్ళేవాళ్ళు కూడా వెనక్కి తిరిగారు. గడియారం సైకిలు దిగి నిలబడ్డాడు.

"అయితే గట్టిగా చెప్పు," అంది వడగళ్ళు. "నాకు పోయింది చెయ్యి, చెవులు కాదు."

ఆవిరాయన కిటికీ వైపు తల ఎత్తి, రేకు మీది వరసలు చదివినట్టు ఒక్కో మాటా విడివిడిగా, రోడ్డు అవతలికి కూడా వినబడేటట్టు చెప్పాడు.

"మూడు లక్షల పద్దెనిమిది వేల నాలుగు వందల అరవై."